అందరికీ కొంచెమా, కొందరికి పూర్తిగానా: వైద్యం పంపకంపై జనం లెక్కలు

ఒక ప్రభుత్వ బీమా పథకం ముందు పెద్దపేగు క్యాన్సర్‌ను ముందే పసిగట్టే పరీక్షలు రెండు ఉన్నాయనుకుందాం. మొదటిది చవక. ఉన్న డబ్బుతో అందరికీ చేయించవచ్చు, 1,000 ప్రాణాలు దక్కుతాయి. రెండోది ఖరీదైనది, మరింత నమ్మదగినది. అదే డబ్బుతో సగం మందికే చేయించగలరు, కానీ 1,100 ప్రాణాలు దక్కుతాయి. దేన్ని ఎంచుకోవాలి? అమెరికాలో జ్యూరీ విధులకు పిలిచిన సామాన్య పౌరులను ఇదే ప్రశ్న అడిగి, ఆ ఫలితాలను 1996లో ప్రచురించారు. 56 శాతం మంది చవక పరీక్షే మేలన్నారు. వైద్య నీతిశాస్త్రంలో పనిచేసేవారిలో 53 శాతం మందిదీ అదే మాట. వైద్య నిర్ణయాల లెక్కలు వేయడమే వృత్తిగా ఉన్న నిపుణుల్లో సైతం 41 శాతం మంది అటే మొగ్గారు.

దీన్ని లెక్క రానితనంగా కొట్టిపారేయడం తేలిక. కానీ 1,000 కన్నా 1,100 పెద్దదని జవాబిచ్చిన వారందరికీ తెలుసు. వాళ్లు తూచింది ఇంకో బరువును. రెండో పరీక్షను ఎంచుకుంటే సగం మందికి ‘మీకు లేదు’ అని చెప్పాల్సి వస్తుంది. నాలుగైదు దశాబ్దాలుగా వేర్వేరు దేశాల్లో జరిగిన సర్వేలనూ చర్చలనూ వివాదాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, జనాన్ని కొరత కంటే ఎక్కువగా కలవరపెట్టేది ఈ మాటేనని తోస్తుంది. తక్కువ దక్కితే సర్దుకుంటారు. ఏమీ దక్కదని ఫలానా మనిషికి చెప్పడం దగ్గరే మనసు ఎదురు తిరుగుతుంది. చెప్పించుకునేది తామే కానక్కరలేదు, పొరుగువారైనా అంతే.

కొరత లేని వైద్య వ్యవస్థ ఎక్కడా లేదు. బ్రిటన్ 1948లో అందరికీ ఉచితంగా జాతీయ ఆరోగ్య సేవను ప్రారంభించింది. మూడేళ్లు తిరక్కముందే కళ్లద్దాలకూ కట్టుడు పళ్లకూ రుసుము పెట్టక తప్పదని ప్రభుత్వం తేల్చింది. ఆ సేవకు రూపమిచ్చిన అన్యూరిన్ బెవన్ అందుకు నిరసనగా 1951 ఏప్రిల్‌లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. డబ్బున్నవారికే ఇవ్వడం ఒక రకం పంపకం. అందరినీ నిరీక్షణ జాబితాలో పెట్టడం ఇంకో రకం. ఆసుపత్రి దూరంగా ఉండటం, వైద్యుడు ఒక్కో రోగికి కేటాయించే నిమిషాలు తగ్గడం, ఖరీదైన చికిత్స ఊసే ఎవరూ ఎత్తకపోవడం, ఫారాల మీద ఫారాలు నింపించి విసుగెత్తించడం, ఇవన్నీ పంపకాలే. వీటికి పెద్దగా నిరసనలు రావు. క్యూ బాగా పొడవైతే ప్రభుత్వాన్ని తిడతారు, అంతే. క్యూలో వేచి ఉండగానే జబ్బు ముదిరిన మనిషి విషయంలో బాధ్యుడంటూ ఒకరు కనపడరు. తిలా పాపం తలా పిడికెడు. అదే పంపకాన్ని కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టిన రోజున పెద్ద దుమారం లేస్తుంది.

అలా కాగితం మీదకు ఎక్కిన తొలి పంపకాల్లో అన్నిటికన్నా ఎక్కువగా గుర్తుండిపోయింది అమెరికాలోని సియాటిల్ నగరానిది. 1960లో అక్కడి వైద్యుడు బెల్డింగ్ స్క్రిబ్‌నర్ టెఫ్లాన్ గొట్టంతో ఒక సాధనం తయారుచేశాక, మూత్రపిండాలు పూర్తిగా పాడైనవారిని డయాలసిస్‌తో ఏళ్ల తరబడి బతికించడం సాధ్యమైంది. 1962లో తెరిచిన కేంద్రంలో యంత్రాలు కొన్నే, రోగులు ఎందరో. వైద్యపరంగా అర్హులని తేలినవారిలో ఎవరిని చేర్చుకోవాలో నిర్ణయించే పనిని ఏడుగురు సభ్యుల కమిటీకి అప్పగించారు. అందులో ఒక న్యాయవాది, ఒక మతబోధకుడు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఒక ప్రభుత్వ అధికారి, ఒక కార్మిక నాయకుడు, ఒక శస్త్రవైద్యుడు ఉన్నారు. జీతం ఎంత, ఆస్తి ఎంత, పిల్లలు ఎందరు, చర్చికి వెళ్తారా, సమాజానికి ఏమైనా చేశారా అన్నవి వాళ్లు చూశారు. ఆ ఏడాది నవంబరులో లైఫ్ పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. చదివినవారు నిర్ఘాంతపోయారు. పదేళ్ల తర్వాత, 1972లో అమెరికన్ కాంగ్రెస్ ఈ జబ్బు ఉన్న దాదాపు అందరి చికిత్స ఖర్చునూ ప్రభుత్వ బీమాలోకి తెచ్చింది. ఒక్క జబ్బుకు ఇలా తలుపులు బార్లా తెరవడం వెనుక, ఏడుగురు కూర్చుని తోటి మనుషుల మంచితనాన్ని తూచిన ఆ దృశ్యం మిగిల్చిన జుగుప్స కూడా ఉంది.

ఆ కమిటీ సభ్యులేమీ దుర్మార్గులు కారు. సర్వేల్లో మామూలు మనుషులు చెప్పే జవాబులనే వాళ్లు ఆచరణలో పెట్టారు. పిల్లలున్న తల్లికి ముందు ఇవ్వాలని, తాగి కాలేయం పాడుచేసుకున్నవారిని వెనక్కి నెట్టాలని, పొగతాగేవారికి గుండె శస్త్రచికిత్స ఆలస్యమైనా పరవాలేదని అనేవారు ప్రతి దేశంలోనూ గణనీయంగా ఉంటారు. కాలేయ మార్పిడి కోసం దానంగా వచ్చిన అవయవాలను ఎవరికి ఇవ్వాలని బ్రిటన్‌లో సామాన్యులనూ వైద్యులనూ అడిగి 1998లో ప్రచురించిన సర్వేలో, మద్యం వల్ల జబ్బు తెచ్చుకున్నవారికీ నేరప్రవృత్తి ఉన్నవారికీ అట్టడుగు స్థానమే దక్కింది. ‘చేజేతులా చేసుకున్నాడు’ అన్న మాట ఎంత బలమైనదో దీన్నిబట్టి తెలుస్తుంది. కాలేయం కొనేది కాదు, తయారుచేసేది కాదు. ఒకరికి ఇస్తే ఇంకొకరికి లేదన్నది అక్కడ కళ్లెదుట కనిపించే నిజం. కొరత అంత స్పష్టంగా ఉన్నచోట గుణగణాల తీర్పు కూడా అంతే వేగంగా వచ్చేస్తుంది.

అయితే ఈ తీర్పు ఎంత లోతైనది? దీనికి మంచి జవాబు ఇచ్చింది ఇంగ్లండ్‌లోని ఉత్తర యార్క్‌షైర్‌లో జరిగిన ఒక చిన్న అధ్యయనం. 1999లో ఇది వెలువడింది. 60 మంది రోగులను పది బృందాలు చేసి, ఒక్కో బృందాన్ని రెండు వారాల తేడాతో రెండుసార్లు కూర్చోబెట్టారు. మొదటి సమావేశం మొదట్లో పొగతాగేవారికీ అతిగా మద్యం తాగేవారికీ మత్తుమందులు వాడేవారికీ ప్రాధాన్యం తగ్గించాలని చాలామంది రాశారు. వాదోపవాదాలు అయ్యాక రెండో సమావేశం చివర మళ్లీ అడిగితే, వారిలో చాలామంది ఆ మాట వదులుకున్నారు. ఎవరూ వారికి పాఠం చెప్పలేదు. తాగుడు వెనుక ఏముందో, ఆహారం వల్ల వచ్చే జబ్బులను ఏమనాలో, ప్రమాదకరమైన ఆటలాడి కాలు విరగ్గొట్టుకున్నవారి సంగతేమిటో వాళ్లలో వాళ్లే మాట్లాడుకున్నారు. గీత ఎక్కడ గీసినా నిలవదని వాళ్లకే అర్థమైంది.

ఈ ఒక్క ఫలితం సర్వేల మీద మనకున్న గౌరవాన్ని కొంత తగ్గించాలి. ఫోనులో రెండు నిమిషాల్లో చెప్పిన జవాబును ‘ప్రజాభిప్రాయం’ అంటున్నాం. నాలుగు గంటలు మాట్లాడుకున్నాక చెప్పినదీ ప్రజాభిప్రాయమే. రెండూ వేర్వేరుగా ఉన్నప్పుడు రెండోదానికే విలువ ఎక్కువ ఇవ్వాలి. చర్చ తట్టుకుని నిలిచిన అభిప్రాయాలు కొన్ని ఉన్నాయి. జబ్బు తీవ్రంగా ఉన్నవారికి ముందు చూడాలన్నది వాటిలో ఒకటి. ఒకరికి దక్కే మేలు కాస్త తక్కువైనా సరే, బాగా కింద ఉన్నవారిని ముందు లేపాలన్న ఈ భావన దేశదేశాల సర్వేల్లో కనిపిస్తుంది. నార్వే, స్వీడన్ దేశాలు తమ ప్రాధాన్య సూత్రాల్లో తీవ్రతకో అవసరానికో పెద్దపీట వేశాయి.

లెక్కలు వేసే ఆర్థికవేత్తలకు ఇక్కడే చిక్కు. వారి కొలమానం పేరు క్వాలీ. పూర్తి ఆరోగ్యంతో గడిపే ఒక ఏడాది దాని ప్రమాణం. సగం ఆరోగ్యంతో రెండేళ్లు బతికినా ఒక క్వాలీయే. ఏ చికిత్సకు ఎంత ఖర్చుపెడితే ఎన్ని క్వాలీలు వస్తాయో చూసి, చవకగా ఎక్కువ తెచ్చేదాన్ని ముందు పెట్టాలన్నది వాదం. క్వాలీ ఎవరిదైనా ఒకటే, పేదదైనా ధనికుడిదైనా, పిల్లదైనా ముసలిదైనా. వినడానికి ఎంతో సమానంగా ఉంది. కానీ కొద్దిపాటి నొప్పి ఉన్న లక్ష మందికి తలా కొంత ఉపశమనం కలిపితే, చావు అంచున ఉన్న కొందరి ప్రాణాలను అది మించిపోగలదు. సామాన్యుడి మనసు ఆ కూడికను ఒప్పుకోదు.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో అదే జరిగింది. పేదల బీమా పథకంలో అవయవ మార్పిడులకు ఇచ్చే డబ్బును ఆ రాష్ట్రం 1987లో ఆపేసి, గర్భిణుల సంరక్షణ వంటి వాటికి మళ్లించింది. కొద్ది నెలల్లోనే రక్త క్యాన్సర్ ఉన్న ఏడేళ్ల బాలుడు ఎముక మజ్జ మార్పిడికి విరాళాలు చాలక చనిపోయాడు. టెలివిజన్లు ఆ బాలుడి ముఖాన్ని దేశమంతా చూపించాయి. మళ్లించిన డబ్బుతో ఆరోగ్యంగా పుట్టబోయే శిశువులకు చూపించడానికి ముఖాలు లేవు. ఆ దుమారం నుంచి పుట్టిన 1989 చట్టం, ఏ చికిత్సకు డబ్బు ఇవ్వాలో, ఏది వదిలేయాలో బహిరంగంగా ఒక జాబితా తయారుచేయమంది. ఊరూరా సభలు పెట్టారు, వెయ్యి మందిని ఫోనులో అడిగారు. 1990లో కంప్యూటర్ నుంచి తొలి జాబితా వచ్చింది. చూసినవారికి నోట మాట రాలేదు. దెబ్బతిన్న పంటికి తొడుగు వేయడం, గర్భసంచి బయట పెరిగిన గర్భానికి చేసే ప్రాణరక్షక శస్త్రచికిత్స కంటే పైన ఉంది. లెక్కలో తప్పేమీ లేదు. పంటి పని అతి చవక, అందుకే పైకి తేలింది.

జాబితా బాధ్యత చూస్తున్న కమిషన్ దాన్ని పక్కన పెట్టి, సభ్యుల విచక్షణతో అంశాలను చేతితో పైకీ కిందికీ జరిపింది. ప్రాణం నిలిపేవి పైకి వచ్చాయి. ఆ తర్వాత 1992లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇంకో అభ్యంతరంతో పథకాన్ని తిప్పికొట్టింది. వైకల్యంతో బతకడం ఎంత బాగుంటుందో వైకల్యం లేనివారిని అడిగి కట్టిన లెక్క వికలాంగుల పట్ల వివక్షేనని అంది. సవరణల తర్వాత 1994లో పథకం మొదలైంది. అందరూ ఊహించిన కోతలు మాత్రం అంతగా రాలేదు. జాబితాలో గీత కిందికి పోయినవి చాలావరకు చిన్నవో పని చేయనివో. తొలి ఐదేళ్లలో జాబితా వల్ల మిగిలింది మొత్తం ఖర్చులో సుమారు రెండు శాతమే. లక్ష మందికి పైగా కొత్తగా బీమాలో చేరారు, దానికి కావలసిన డబ్బులో కొంత సిగరెట్ల మీద పన్ను పెంచి తెచ్చారు. పంపకాన్ని బహిరంగం చేస్తే జనం కఠినంగా మారతారని భయపడినవారికి ఇది ఎదురు సాక్ష్యం. ఏం కోస్తున్నారో కళ్లారా చూసిన జనం, కోయడం కన్నా ఎక్కువ డబ్బు పెట్టడానికే మొగ్గారు.

ముఖం ఉన్న రోగికీ ముఖం లేని రోగులకూ మధ్య ఉన్న ఈ తేడాను ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ 1968లోనే ఎత్తిచూపారు. 1986లో వైద్య నీతిశాస్త్రవేత్త ఆల్బర్ట్ జాన్‌సన్ దానికి రక్షణ నియమం అన్న పేరు పెట్టారు. ఆపదలో ఉన్న మనిషి కళ్లముందు ఉంటే ఖర్చు చూడకుండా దూకాలన్న ప్రేరణ అది. నిపుణులు చాలామంది దీన్ని బలహీనతగా చూస్తారు. బావిలో పడ్డవాడిని వదిలేసి, ఆ సమయంలో ఊళ్లో బావులన్నిటికీ గోడలు కట్టుకుంటే ఎక్కువ మంది బతుకుతారని లెక్క చెప్పే మనిషి పక్కన ఎవరూ నిశ్చింతగా కాపురం చేయలేరు. ఆపదలో పడితే ఎవరో ఒకరు దూకుతారన్న నమ్మకం కూడా ఒక సమాజానికి ఆరోగ్యమే. నిజమైన ఇబ్బంది ఎక్కడంటే, కెమెరా ఎవరి మీద పడుతుందన్నది అవసరాన్నిబట్టి తేలదు. ముద్దొచ్చే పిల్లలూ గట్టిగా మాట్లాడగల కుటుంబాలూ ఉన్న జబ్బులకు ముఖాలు దొరుకుతాయి. మతిస్థిమితం కోల్పోయిన వృద్ధులకూ ఖైదీలకూ దొరకవు.

వయసు సంగతి మరీ చిత్రం. అలన్ విలియమ్స్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1997లో, అప్పటికి తానే ఏడు పదుల వయసులో ఉండి, ప్రతి మనిషికీ ఒక నిండు జీవితం పాలు ఉంటుందని, అది అనుభవించేసినవారు చిన్నవారికి దారి ఇవ్వాలని వాదించారు. చాలామంది వృద్ధులు తమ గురించి తాము ఇదే మాట అంటారు. తన గురించి తాను అనుకోవడం త్యాగం, ఇంకొకరు జాబితాలో రాయడం వేరు. 2020 మార్చిలో ఇటలీ మత్తువైద్యుల సంఘం, ఇంటెన్సివ్ కేర్ పడకలు చాలకపోతే వయసు పరిమితి పెట్టాల్సి రావచ్చని రాసినప్పుడు ఈ తేడా తెలిసొచ్చింది. అదే వసంతంలో అమెరికాలోని అలబామా రాష్ట్రపు పాత అత్యవసర ప్రణాళిక ఒకటి బయటికి వచ్చింది. తీవ్రమైన మేధో వైకల్యం ఉన్నవారు వెంటిలేటర్లకు తగినవారు కాకపోవచ్చని అందులో ఉంది. ఏళ్ల తరబడి ఎవరూ చదవని ఆ కాగితం, చదివిన కొద్ది రోజుల్లోనే ఉపసంహరణకు గురైంది.

జవాబు ఎక్కడ నిలబడి చెబుతున్నారన్న దాన్నిబట్టి కూడా మారుతుంది. 2019లో ప్రచురితమైన కొన్ని ప్రయోగాల్లో, పరిశోధకులు ప్రశ్నకు ముందు ఒక్క మెట్టు చేర్చారు. ఈ పరిస్థితిలో ఉన్నవారిలో మీరు ఎవరైనా అయి ఉండే అవకాశం సమానంగా ఉందనుకోండి, అప్పుడు ఏం కోరుకుంటారు అని అడిగారు. ఆ మెట్టు ఎక్కి వచ్చినవారు ఎక్కువ మేలు జరిగే దారిని ఎంచుకోవడం పెరిగింది. అంటే పెద్ద లెక్కకు జనం శత్రువులేమీ కారు. బయట నిలబడి ఇంకొకరిని వదిలేయడానికి ఒప్పుకోనివారే, తామూ ఆ గుంపులో ఒకరమైనప్పుడు ఒప్పుకుంటున్నారు.

ఎవరు నిర్ణయించాలని అడిగితే ఎక్కువ మంది వేలు వైద్యుడి వైపే చూపిస్తుంది. రాజకీయ నాయకులు చివరన ఉంటారు. దీంట్లో వైద్యుడి జ్ఞానం మీద నమ్మకం ఎంత ఉందో, చూడకుండా ఉండాలన్న కోరిక కూడా అంతే ఉంది. వైద్యుడు ‘ఇక లాభం లేదు’ అంటే అది వైద్యం. అధికారి ‘డబ్బు లేదు’ అంటే అది క్రౌర్యం. 1995లో ఇంగ్లండ్‌లో రక్త క్యాన్సర్ తిరగబెట్టిన పదేళ్ల బాలికకు రెండోసారి మజ్జ మార్పిడి చేయించడానికి స్థానిక ఆరోగ్య సంస్థ నిరాకరించింది. చికిత్స ఫలించే అవకాశం అతి తక్కువనీ బాధ ఎక్కువనీ ఆ సంస్థ చెప్పింది. పత్రికలు మాత్రం 75,000 పౌండ్ల అంకెనే పట్టుకున్నాయి. హైకోర్టు సంస్థను తప్పుబట్టింది, అప్పీలు కోర్టు అదే రోజు ఆ తీర్పును తిరగేసింది. పేరు చెప్పని దాత డబ్బుతో ప్రైవేటుగా చికిత్స జరిగింది, ఆ బాలిక మరో ఏడాది పైగా బతికింది. ఆ ఏడాది విలువ ఎంత అన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా అంగీకరించదగ్గ జవాబు లేకపోయింది.

ఆ కేసు తర్వాత నాలుగేళ్లకు, 1999లో బ్రిటన్‌లో నైస్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. కొత్త మందుల్లో దేనికి జాతీయ ఆరోగ్య సేవ డబ్బు ఇవ్వాలో తేల్చడం దాని పని. చాలా కాలం దాని గీత ఒక క్వాలీకి 20,000 నుంచి 30,000 పౌండ్లు. జనం విలువలు తెలుసుకోవడానికి 2002లో 30 మందితో పౌర మండలిని కూడా పెట్టుకుంది. 2006లో ఆ మండలి మెజారిటీ, అసాధారణ సందర్భాల్లో రక్షణ నియమానికి చోటుండాలని చెప్పింది. నైస్ ఒప్పుకోలేదు. కానీ 2009 జనవరిలో, రోగుల సంఘాల, పత్రికల ఒత్తిడి నడుమ, బతికే కాలం 24 నెలల లోపున్న రోగుల ఆయుష్షును కనీసం మూడు నెలలు పెంచే మందులకు మినహాయింపు ఇచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వం, నైస్ కాదన్న క్యాన్సర్ మందుల కోసం ప్రత్యేక నిధి పెట్టింది. 2016 నాటికి దాని మీద ఖర్చయింది 127 కోట్ల పౌండ్లు. తరవాత ఒక అధ్యయనం ఆ నిధి కింద ఇచ్చిన మందుల వాడుకలు 47 పరిశీలిస్తే, ఆయుష్షు పెరిగినట్లు రుజువున్నవి 18 మాత్రమే.

ఇదంతా జనం కోరికే అనుకున్నారు. బ్రిటన్‌లో నాలుగు వేల మందికి పైగా పెద్దలను అడిగి 2013లో ప్రచురించిన సర్వే వేరే మాట చెప్పింది. తీవ్రమైన జబ్బులకూ వేరే చికిత్స లేని జబ్బులకూ ఎక్కువ ఇవ్వవచ్చన్నారు. క్యాన్సర్ అయినంత మాత్రాన, చావు దగ్గరపడినంత మాత్రాన, రోగి పిల్లలైనంత మాత్రాన ఎక్కువ ఇవ్వాలని అనలేదు. శీర్షికల్లో వినపడిన జనమూ ఈ కాగితాల మీద వినపడిన జనమూ ఒకరే, ప్రశ్నలే వేరు. నైస్ 2022లో చివరి దశ మినహాయింపును తీసేసి, దాని స్థానంలో తీవ్రతను పెట్టింది. తీవ్రమైన జబ్బుకు క్వాలీ విలువను 1.2 రెట్లు, అతి తీవ్రమైనదానికి 1.7 రెట్లు లెక్కిస్తారు. మొత్తం ఖర్చు పెరగకుండా ఈ మార్పును రూపొందించారు కాబట్టి, ఇదివరకు గరిష్ఠ విలువ దక్కిన కొన్ని ముదిరిన క్యాన్సర్ల మందులకు ఇప్పుడు తక్కువ దక్కుతుంది. 2024లో ఒక రకం ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు వాడే ఎన్‌హెర్టును ఇంగ్లండ్‌లో నైస్ తిరస్కరించింది. స్కాట్లండ్‌లో అదే మందుకు అంతకుముందే అనుమతి ఉంది. సరిహద్దుకు ఇవతల ఉన్నందుకు తమకు మందు లేదంటున్న మహిళల తరఫున మొదలైన వినతిపత్రాల మీద జనం పెద్ద సంఖ్యలో సంతకాలు పెట్టారు.